సత్యానందం నేర్పిన సాక్ష్యం

కలకత్తా పక్కన మా లిలువా తెలుగు చర్చిలో సత్యానందం ప్రార్థనకు లేచాడంటే ఆ ఆదివారం ఇంట్లో కూర చల్లారిపోవలసిందే. రైల్వే వర్క్‌షాపు ఫోర్‌మన్ మోకాలి నొప్పి దగ్గర్నుంచి దేశాన్ని ఏలేవాళ్ల దాకా అందరినీ పేరుపేరునా దేవుడికి అప్పగించి గానీ కూర్చోడు. గొంతు మాత్రం మంచిది, ఆ మాట ఒప్పుకోవాలి. మైకు లేకపోయినా వెనక బెంచీలో కునుకు తీసేవాళ్లు ఉలిక్కిపడి లేస్తారు.

అతను నాకు బావ, మా చిన్నాన్న కూతురు లోయిస్ మొగుడు. వాళ్ల నాన్న విజయనగరం పక్క నుంచి వచ్చి లిలువా వర్క్‌షాపులో కమ్మరి పని చేసి రిటైరయ్యాడు. కొడుక్కి ఆ ఉద్యోగం దక్కలేదు. పాస్టరు చదువుకని వెళ్లి మధ్యలో తిరిగొచ్చాడు. తర్వాత వీధివీధీ తిరిగి కుక్కర్లు అమ్మాడు, స్కూలు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించాడు, ఎన్నికలప్పుడు ఆటోలో కూర్చుని మైకులో అరిచాడు. ఆ పార్టీ, ఈ పార్టీ అనే పట్టింపు లేదు. ఉన్న ఆస్తి గొంతొక్కటే కాబట్టి అడిగినవాళ్లకల్లా దాన్ని అద్దెకిస్తూ యాభయ్యో పడిలో పడ్డాడు.

అప్పుడు దొరికాడు పట్టాభి. గుంటూరు మనిషి, ఇస్త్రీ మడత నలగనివ్వడు. కలకత్తాలో ఒక శిక్షణ సంస్థకు పెద్ద. పురుగుల మందు ఒంటికి తగలకుండా ఎలా కొట్టాలో రైతులకు నేర్పి, నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వడం ఆ సంస్థ పని. పెద్ద దుకాణాలకు కూరగాయలు పంపే కంపెనీ ఒకటి, ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్ల సరుకే కొంటానని షరతు పెట్టింది. దాంతో బడ్జ్ బడ్జ్ అవతల వంగ, బెండ, కాకర పండించేవాళ్లందరికీ ఆ కాగితం ప్రాణావసరమైంది. పట్టాభికి బెంగాలీ అంతంతమాత్రం. పైగా పొలం గట్టు మీద నిలబడితే బూట్లకు మట్టవుతుంది. ఉగాది సభలో మా బావ మైకు పట్టుకుని జనాన్ని నవ్విస్తుంటే చూసి, ఈ గొంతేదో పనికొస్తుందనుకుని ఉద్యోగంలో పెట్టుకున్నాడు.

సత్యానందం ఆ పనిలో నిజంగానే మెరిశాడు. షియాల్దా నుంచి లోకల్ ఎక్కి బడ్జ్ బడ్జ్ వెళ్లి, అక్కణ్నుంచి ఆటోలో ఊళ్లకు పోయేవాడు. సండే స్కూల్లో పిల్లలకు చెప్పినట్టే రైతులకు చెప్పేవాడు. మాస్కుకీ గ్లవుజులకీ కళ్లజోడుకీ బూట్లకీ చేతి సైగలతో ఒక పాట కట్టాడు. గాలికి ఎదురుగా మందు కొట్టేవాడు ఎలా దగ్గుతాడో నటించి చూపేవాడు. మందు ఒంటి మీద పడితే ఏం చెయ్యాలి అని ఇతను అరిస్తే, సబ్బు, సబ్బు అని వాళ్లు అరిచేవాళ్లు. మీసాలు నెరిసినవాళ్లు కూడా పిల్లల్లా పడిపడి నవ్వేవాళ్లు. ఇదంతా మంచిదే. దీంట్లో నాకు తగువు లేదు.

తగువు సాక్ష్యం దగ్గర.

మా చర్చిల్లో అదొక రివాజు. ఎవరో ఒకరు లేచి, నేను ముందు తాగేవాణ్ణి, పెళ్లాన్ని కొట్టేవాణ్ణి, ఇప్పుడు ప్రభువు నన్ను మార్చాడు అని పదిమందిలో చెబుతారు. జనం ఆమెన్ అంటారు. చెప్పేవాడు మారింది సగమే అయినా పూర్తిగా మారిపోయానంటాడు. నోటితో ఒప్పుకున్నాక మిగతా సగం కూడా మారకపోడని మా పెద్దల ఆశ. జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు చెప్పడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దాన్ని అబద్ధం అనుకోం, విశ్వాసం అనుకుంటాం. మా నాలుగు గోడల మధ్య దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

సత్యానందం దాన్ని తీసుకెళ్లి వంగతోటలో పెట్టాడు. శిక్షణ చివర ఒక రైతుకి మాస్కు, గ్లవుజులు, కళ్లజోడు, ఆప్రాను, బూట్లు తొడిగి నిలబెట్టి సాక్ష్యం చెప్పించేవాడు. ముందు నేను ఒంటి మీద చొక్కా లేకుండా మందు కొట్టేవాణ్ణి, ఇప్పుడు నాకు మాస్కు ఉంది, గ్లవుజులు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి, నాకూ నా ఇంటివాళ్లకూ భయం లేదు. ఇదీ పాఠం. చివర్లో మాస్కు కిందికి లాగి నవ్వాలి. ఫోన్లో వీడియో తీసేవాళ్లు. చెప్పడం అవ్వగానే సత్యానందం ముందుగా చప్పట్లు మొదలుపెట్టేవాడు, లేకపోతే రైతులు బిగుసుకుని కూర్చుంటారు. తర్వాత ఆ సరంజామా అంతా విప్పించి, మడతపెట్టి, తన నీలం సంచిలో వేసుకుని బండెక్కేవాడు.

ఎందుకంటే ఉన్నది ఒక్కటే జత. అందరికీ కిట్లు వెనక వస్తున్నాయని పట్టాభి చెప్పాడు. ఆ మాటే సత్యానందం రైతులకు చెప్పాడు. అవి ఇవాళ్టికీ వెనకే ఉన్నాయి. ఆ ఒక్క జతనూ లోయిస్ శుభ్రంగా ఉతికి, రైల్వే క్వార్టర్సు వెనక తాడు మీద ఆరేసేది. ఎన్ని ఊళ్లు తిరిగినా ఆ మాస్కుకి మందు వాసన తెలియదు.

అందరిలోకీ బాగా సాక్ష్యం చెప్పినవాడు గోష్ఠ నస్కర్. బక్కపలచటి మనిషి, నలభై దాటి ఉంటాయి. వంగ వేస్తాడు. అన్నదమ్ముల ఉమ్మడి పొలంలో ఒక ముక్క అతనిది. సత్యానందం పాటను ఇంటికెళ్లి పెళ్లానికి కూడా నేర్పాడట. సాక్ష్యం చెబుతూ చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ వీడియో పట్టాభికి ఎంత నచ్చిందంటే, కంపెనీ వాళ్లకు పంపాడు, ప్రతి మీటింగులో వేసి చూపించాడు. సత్యానందం మా ఇంటికొచ్చి మరీ ఫోన్లో చూపించాడు.

"ఏటి బావా, మన చర్చిలో కూడా ఇలగ సెప్పినోడున్నాడేటి?" అన్నాడు మురిసిపోతూ.

"మాస్కు అతనికిచ్చేసినావా మరి?" అన్నాను.

"వస్తాయి బావా. వెనకాతల వస్తన్నాయి," అన్నాడు.

భాద్రపదం ఉక్కలో, మిట్టమధ్యాహ్నం, గోష్ఠ వంగతోటకు మందు కొట్టాడు. కాయ తొలిచే పురుగు పట్టింది, ఆగితే చేనంతా పోతుంది. వీపు మీది డబ్బా మూత కారుతోంది. ముఖానికి గమ్చా, అదే భుజం మీది తువ్వాలు, కట్టుకున్నాడు. అతనికి ఉన్నది అదే. మందు వీపు మీదుగా నడుము దాకా కారింది, గమ్చా ముక్కు దగ్గర తడిసింది. ఇంటికొచ్చేసరికి చొంగ కారుస్తున్నాడు, కంటిపాపలు సూదిమొనంత అయ్యాయి. గుమ్మంలో పడిపోయి పెళ్లాన్ని అడిగినది ఒక్కటే, సబ్బు. సబ్బు తే, సబ్బు తే అని మాట పడిపోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఆమె తెచ్చింది, రుద్దింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. మర్నాడు పోయాడు.

ఆమె పేరు టుంపా. ఆమెకు మిగిలిన కష్టం అక్కణ్నుంచి మొదలైంది.

పురుగుల మందుతో మనిషి చచ్చాడంటే మన దేశంలో లోకం ముందుగా అడిగే ప్రశ్న ఒకటే, ఎందుకు తాగాడు అని. ఇక్కడ ఆ ప్రశ్న అందరికీ కలిసొచ్చింది. సర్టిఫికెట్ ఉన్న రైతు మందు కొడుతూ చచ్చాడంటే శిక్షణ దండగని తేలుతుంది, కంపెనీ ఆ ఊరి సరుకు కొనడం మానేస్తుంది. తాగి చచ్చాడంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, చచ్చినవాడికి తప్ప. తమ్ముడి పొలం ముక్క మీద కన్నేసిన గోష్ఠ అన్నకు మరీ సుఖం. పొద్దున మొగుడూపెళ్లాలు గట్టిగా పోట్లాడుకున్నారని అతనే ఊరంతా చెప్పాడు. పోట్లాడుకున్న మాట నిజమే. ఈ ఎండలో వెళ్లొద్దని ఆమె అరిచింది.

కంపెనీ విచారణ పెట్టమంది. ఊరి క్లబ్బు గదిలో, క్యారమ్ బోర్డు పక్కకు జరిపి, పట్టాభి కూర్చున్నాడు. ఆ పొద్దున సత్యానందం బయల్దేరుతుంటే లోయిస్ నీలం సంచి అతని చేతికిస్తూ అడిగింది.

"ఏటండీ, ఏటి సెప్తారక్కడ?"

"అడిగిందానికి సెప్తాను."

"ఈ మాస్కు ఈ ఇంట్లోనే ఉందని సెప్పండి. నేనే ఉతికినానని సెప్పండి. ఆ పిల్ల మొగుడు తాగలేదని మీకు తెల్దేటి?"

"నాకు తెలిస్తే సరిపోద్దేటే? ఉద్యోగం పోతే మన పిల్ల షైనీ కాలేజీ ఎలగ? మళ్లీ కుక్కర్లు అమ్మమంటావా?"

"అమ్మండి. నేనూ వస్తాను," అంది లోయిస్.

అతను సంచి భుజానికి తగిలించుకుని వెళ్లాడు.

క్లబ్బు గదిలో టుంపా గోడకానుకుని నిలబడి జరిగింది చెప్పింది. ఏడవలేదు. చివర్లో ఒకే మాట అడిగింది, "తాగినవాడు సబ్బెందుకు అడుగుతాడు?" అని. ఆ ప్రశ్నకు జవాబు లేదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు.

పట్టాభికి దొరికింది జవాబు. సత్యానందం చెవి దగ్గర వంగి తెలుగులో అన్నాడు, "చూశారా సత్యానందం గారూ, మన శిక్షణ ఎంత బాగా వంటబట్టిందో! ఆ పరిస్థితిలో కూడా సబ్బు గుర్తుంది." తర్వాత ఫోన్ తీసి గోష్ఠ సాక్ష్యం వేశాడు. చచ్చిపోయిన మనిషి ఆప్రాను తొడుక్కుని, నాకు మాస్కు ఉంది, గ్లవుజులు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి, నాకూ నా ఇంటివాళ్లకూ భయం లేదు అన్నాడు. మాస్కు కిందికి లాగి నవ్వాడు. టుంపా చేత్తో నోరు మూసుకుంది. మొగుడు పోయాక అతని గొంతు వినడం అదే మొదలు.

"ఇన్ని ఉన్న మనిషి ఒంట్లోకి మందు ఎలా పోతుంది? నోట్లోంచి తప్ప వేరే దారి లేదు," అన్నాడు పట్టాభి వచ్చీరాని బెంగాలీలో. గోష్ఠ అన్న తల ఊపాడు. మిగతావాళ్లూ ఊపారు. వాళ్లందరి వంకాయలూ కోతకొచ్చి ఉన్నాయి.

టుంపా సత్యానందం వైపు తిరిగింది. "మాస్టర్ మశాయ్, మీరు చెప్పండి. ఆ మాస్కు మా ఇంట్లో ఉందా?"

సంచి అతని కాళ్ల దగ్గరే ఉంది. జిప్పు లాగితే చాలు. వాగేవాడు, పాడేవాడు, మా చర్చిలో పిలవకపోయినా లేచేవాడు, ఆ గదిలో కాసేపు నేల చూశాడు.

"నేర్పవలసిందంతా నేర్పాను. అతనికి అన్నీ తెలుసు," అన్నాడు.

"మాస్కు సంగతి అడుగుతున్నాను."

"వీడియోలో ఉంది కదమ్మా," అన్నాడు సత్యానందం.

అలా అంటూ కాలితో సంచిని కుర్చీ కిందికి నెట్టాడు. ఈ సంగతి అతనే నాకు చెప్పాడు. తప్పు ఒప్పుకోవడానికి కాదు, ఎంత గండం గడిచిందో చెప్పడానికి. నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు మందు కొట్టినావు బావా, మాస్కు లేకుండా ఆ పిల్ల ముఖాన కొట్టినావు," అన్నాను. "నానొక్కణ్నేటి బావా? అందరూ అదే అన్నారు," అన్నాడు. లోయిస్ ఆ రోజు నుంచి ఆ జత ఉతకడం మానేసింది. అతనే ఉతుక్కుంటున్నాడు.

ఠాణా కాగితాల్లో తాగి చనిపోయినట్టే రాశారు. ఊళ్లో ఆడవాళ్లు చెరువు దగ్గరికి టుంపా వస్తే పక్కకు జరిగారు. పోట్లాడి మొగుణ్ణి నోటితో చంపిందని ఆమె ఎదుటే అన్నారు. పొలం ముక్క విషయంలో గోష్ఠ అన్న తెలివిగా ఉన్నాడు. వద్దనలేదు, లాక్కోలేదు. సర్టిఫికెట్ లేనివాళ్ల సరుకు కాటా దగ్గర దించనివ్వరు కదా అని మాత్రం అన్నాడు. కాయలు చెట్టు మీదే ముదిరిపోతుంటే ఎన్నాళ్లు ఆగుతుందో చూద్దామనుకున్నాడు. ఆమె ఆగలేదు. సర్టిఫికెట్ కావాలని శిక్షణకు పేరిచ్చింది.

అది వినగానే పట్టాభి కుర్చీలోంచి లేచాడట. "అద్భుతం సత్యానందం గారూ! ఈసారి సాక్ష్యం ఆమె చేతే చెప్పిద్దాం. భర్తను పోగొట్టుకున్నా శిక్షణ మీద నమ్మకం పోగొట్టుకోని మహిళ. కంపెనీ పెద్దలు ఢిల్లీ నుంచి వస్తున్నారు. ఇంతకన్నా ఏం కావాలి?" అన్నాడు. ఆమె ఏం చెప్పాలో అతనే మాటలు కూర్చాడు. వాటిని బెంగాలీ చేసి ఆమెకు నేర్పే పని సత్యానందానిది. చెబితే సర్టిఫికెట్, చెప్పకపోతే వచ్చే పంటకు చూద్దాం. ఈ ముక్క పట్టాభి నోటితో అనలేదు, సత్యానందం చేత అనిపించాడు.

పెద్దలు వస్తున్నారు కాబట్టి పెద్ద స్పీకరు కావలసి వచ్చింది. మా చర్చి స్పీకరు నా చేతి కింద ఉంటుంది. అది ఎవరికిచ్చినా నేను వెంట వెళ్లి వైర్లు చూసుకుంటాను. పాస్టరుగారు ఇమ్మన్నారు కాబట్టి తీసుకెళ్లాను. వద్దని గొడవ పడదామనుకున్నాను గానీ, ఆ పిల్లకు కాగితం వస్తుందంటే నా కోపం ఆమెకెందుకు అడ్డు రావాలనిపించింది.

క్లబ్బు ముందు షామియానా వేశారు. నేను తీగలు కలుపుతుంటే పక్క గదిలో సత్యానందం ఆమెకు పాఠం చెబుతున్నాడు. తడిక మధ్యనుంచి అంతా వినబడుతోంది. ఆమె రెండు మాటలు చెప్పి ఆగిపోతోంది. అతను అందిస్తున్నాడు. మూడోసారి ఆగినప్పుడు ఆమె నెమ్మదిగా అడిగింది.

"మాస్టర్ మశాయ్, ఇక్కడెవరూ లేరు. ఆయన తాగలేదని మీకు తెలుసు కదా? నా ఒక్కదానికి చెప్పండి. బయట ఏం చెప్పమంటే అది చెబుతాను."

నేను తీగ పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఒక్క మాట. వినేవాళ్లు లేరు, వీడియో లేదు, పట్టాభి లేడు. ఉద్యోగం పోదు, షైనీ కాలేజీ ఆగదు. ఆ మాట ఆమెకిచ్చినందువల్ల అతనికి పోయేదేమీ లేదు. నేను మా ప్రభువును మనసులో తలచుకున్నాను, వీడి నోరు ఒక్కసారి తెరిపించు అని.

"మాస్కు తాళ్లు చెవుల వెనక్కి పోవాలి. ఇలా చూడు. వదులుగా ఉంటే గాలి పోతుంది," అన్నాడు సత్యానందం.

ఆమె మళ్లీ అడగలేదు.

పెద్దలు వచ్చారు, పూలగుత్తులు తీసుకున్నారు. సత్యానందం పాట పాడించాడు, నటించాడు, నవ్వించాడు. మందు ఒంటి మీద పడితే ఏం చెయ్యాలి అని అరిచాడు. సబ్బు, సబ్బు అని ఊరంతా అరిచింది. టుంపా కూడా పెదవులు కదిపింది. నా స్పీకరులోంచి ఆ మాట పొలాల దాకా పోయింది. ఏ ఆదివారమూ నా పెట్టెను చూసి నేనంత అసహ్యించుకోలేదు.

తర్వాత ఆమెను నిలబెట్టారు. తెల్ల చీర మీద ఆప్రాను, కళ్లజోడు, గ్లవుజులు, మాస్కు. మగవాళ్ల బూట్లు ఆమె కాళ్లకు పెద్దవి, ఈడ్చుకుంటూ మైకు దగ్గరికొచ్చింది. పట్టాభి ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"నా పేరు టుంపా నస్కర్," అని మొదలుపెట్టింది. ఎక్కడా తడబడలేదు. "ముందు నాకు ఏమీ తెలియదు. ఇప్పుడు నాకు మాస్కు ఉంది, గ్లవుజులు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. నా భర్తకు కూడా అన్నీ ఇచ్చారు, అన్నీ నేర్పారు. ఆయన తనంతట తానే తాగాడు. అందులో ఎవరి తప్పూ లేదు. నాకూ నా ఇంటివాళ్లకూ భయం లేదు."

పాఠం ప్రకారం ఇప్పుడు మాస్కు కిందికి లాగి నవ్వాలి. లాగింది, నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేను. మాస్కు విప్పి, ఎవరూ చెప్పకముందే తాళ్లు లోపలికి పెట్టి శుభ్రంగా మడతపెట్టింది. గ్లవుజులు విప్పింది, కళ్లజోడు తీసింది. అన్నీ పట్టుకుని, పెద్దలందరి ముందు నుంచి నడిచి, సత్యానందం కుర్చీ దగ్గరికి వచ్చి వంగింది. కుర్చీ కింద ఉన్న నీలం సంచిని తనే బయటికి లాగి, జిప్పు తెరిచి, ఒక్కొక్కటే అందులో పెట్టింది. పెట్టి అతని ముఖం వంక చూసింది.

షామియానా కింద ఊరివాళ్లు నేలచూపులు చూస్తున్నారు. ఢిల్లీ వాళ్లకు ఏమీ అర్థం కాలేదు, తర్వాత ఏం చెయ్యాలో చెప్పేవాళ్ల కోసం చూస్తున్నారు. పట్టాభి ఫోన్ దించకుండా సత్యానందం వైపు కళ్లెగరేశాడు.

చప్పట్లు ఎప్పుడూ ముందు అతనే మొదలుపెట్టాలి. మొదలుపెట్టాడు.